ఈఎక్స్‌టీ4లో జర్నల్ తీసేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

లినక్స్‌లో డిస్కు పని నెమ్మదించిందని ఎవరైనా అనగానే "జర్నలింగ్ తీసేయ్, వేగం పెరుగుతుంది" అనే సలహా వచ్చిపడుతుంది. అందులో నిజం లేకపోలేదు. కాకపోతే ఎక్కడ పెరుగుతుంది, ఎంత పెరుగుతుంది, బదులుగా ఏం వదులుకుంటున్నాం అన్నవి తెలియకుండా చేస్తే పోయేది మన ఫైళ్లే. ఉబుంటు, డెబియన్, మింట్ ఇన్‌స్టాలర్లు మామూలుగా ఇచ్చే ఫైల్‌సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4 కాబట్టి ఈ జవాబులు ప్రధానంగా దాని గురించే.

కమాండ్లను, ఆప్షన్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాం. టెర్మినల్‌లో ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరమా చిన్న అక్షరమా అన్నది ముఖ్యమైన చోట విడిగా చెప్పాం, చెప్పని చోట చిన్న అక్షరమే. /డెవ్/ఎస్‌డీబీ1 అని రాసిన చోటల్లా మీ పార్టిషన్ పేరు పెట్టుకోవాలి. అదేమిటో "ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్" చూపిస్తుంది.

అసలు జర్నల్ చేసే పని ఏమిటి?

కొత్త ఫైలు ఒకటి తయారుచేయడం మనకు ఒక్క పని. డిస్కు మీద అది నాలుగైదు చోట్ల మార్పు: ఐనోడ్ (ఫైలు వివరాలు ఉండే నమోదు) కేటాయించాలి, ఐనోడ్ బిట్‌మ్యాప్‌లో (ఏది ఖాళీయో, ఏది వాడుకలో ఉందో చూపే పట్టీలో) గుర్తు పెట్టాలి, డైరెక్టరీలో పేరు ఎక్కించాలి, డేటాకు బ్లాకులు కేటాయించాలి, ఖాళీ బ్లాకుల లెక్క తగ్గించాలి. ఈ రాతలు సగంలో ఉండగా కరెంటు పోతే లెక్కలు ఒకదానితో ఒకటి పొసగవు. పేరు ఉంటుంది, ఐనోడ్ ఉండదు. లేదా వాడుకలో ఉన్న బ్లాకును బిట్‌మ్యాప్ ఖాళీ అంటుంది.

పాత కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. ఏ లావాదేవీ అయినా ముందు చిట్టాలో పడుతుంది, తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కుతుంది. జర్నల్ సరిగ్గా ఆ చిట్టాయే. మార్పులన్నీ ఒక కట్టగా ముందు జర్నల్‌లో రాసి, చివర "ఈ కట్ట పూర్తయింది" అని ముద్ర (కమిట్) వేసి, ఆ తర్వాతే అసలు చోట్లలో రాస్తారు. మధ్యలో మిషన్ ఆగిపోతే, మళ్లీ మౌంట్ చేసేటప్పుడు ముద్ర పడిన కట్టలను తిరిగి అమలు చేస్తారు, ముద్ర లేని కట్టను వదిలేస్తారు. అందుకే జర్నల్ ఉన్న డిస్కు ఎంత పెద్దదైనా కొన్ని సెకన్లలో తేరుకుంటుంది.

ఇందులో చాలామంది పొరబడేది ఒకటుంది. జర్నల్ కాపాడేది ఫైల్‌సిస్టమ్ నిర్మాణాన్ని. మీరు టైప్ చేసి ఇంకా సేవ్ కాని పేరాను కాదు. బ్యాకప్‌కు అది ఎప్పుడూ బదులు కాదు.

అంటే ప్రతి డేటా రెండుసార్లు రాయబడుతోందా?

లేదు. ఈఎక్స్‌టీ4 డీఫాల్ట్ పద్ధతి పేరు ఆర్డర్డ్. ఇందులో మెటాడేటా, అంటే పైన చెప్పిన ఐనోడ్, పేరు, బ్లాకుల లెక్కలు మాత్రమే జర్నల్‌లోకి వెళ్తాయి. ఫైలులోని డేటా నేరుగా తన చోటికే వెళ్తుంది. కాకపోతే ఆ డేటా డిస్కుకు చేరాకే దానికి సంబంధించిన మెటాడేటా కట్టకు ముద్ర పడుతుంది.

రెండోది రైట్‌బ్యాక్. ఇందులోనూ మెటాడేటాకే జర్నల్, కానీ డేటా ముందు చేరాలన్న నియమం లేదు. క్రాష్ అయితే నిర్మాణం బాగానే ఉంటుంది గానీ, అప్పుడే రాసిన ఫైలులో ఎప్పుడో చెరిపేసిన పాత ఫైలు ముక్కలు కనబడవచ్చు.

మూడోది డేటా=జర్నల్. అన్నీ రెండుసార్లు రాసేది ఇదొక్కటే. బ్లాకుల కేటాయింపును డిస్కుకు రాసేదాకా వాయిదా వేసే డిలేడ్ అలొకేషన్ కూడా ఇందులో పనిచేయదు.

నాలుగు జీబీ సినిమా ఫైలును కాపీ చేస్తే ఆర్డర్డ్ పద్ధతిలో జర్నల్‌కు వెళ్లేది చాలా తక్కువ. అలాంటి పనికి జర్నల్ తీసేసినా గడియారంలో తేడా కనిపించదు.

జర్నల్ లేని ఈఎక్స్‌టీ4 అధికారికంగా ఉన్నదేనా, లేక ఎవరో కనిపెట్టిన చిట్కానా?

అధికారికమే. ఈఎక్స్‌టీ2కు జర్నల్ లేదు. 2001లో లినక్స్ 2.4.15తో వచ్చిన ఈఎక్స్‌టీ3 దానికి జర్నల్ చేర్చింది. 2008 డిసెంబరులో 2.6.28తో ఈఎక్స్‌టీ4 స్థిరమైంది. మరుసటి ఏడాది 2.6.29లో జర్నల్ లేకుండా నడిచే పద్ధతి చేరింది, ఆ ప్యాచ్ ఇచ్చింది గూగుల్ ఇంజనీర్లు. ఒకే డేటాకు వేర్వేరు మిషన్లలో నకళ్లు ఉండే చోట ఒక్కో డిస్కుకు విడిగా జర్నల్ ఖర్చు పెట్టడం అనవసరం. ఈ పద్ధతి పుట్టిందే ఆ అవసరం నుంచి. మన ఇంటి డెస్క్‌టాప్‌లో రెండో నకలు ఉందా అన్నదే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న.

ఎలాంటి పనిలో తేడా నిజంగా తెలుస్తుంది?

వేలాది చిన్న ఫైళ్లు పుట్టి చచ్చే పనిలో. పెద్ద సోర్స్ కోడ్‌ను విప్పడం, బిల్డ్ చేయడం, చెరిపేయడం, మళ్లీ మొదలుపెట్టడం. ప్రాక్సీ క్యాష్ డైరెక్టరీలు. టెస్టుల కోసం గంటగంటకూ కంటైనర్లు లేపి పడేసే సర్వర్లు. వీటిలో డేటా కన్నా మెటాడేటా రాతే ఎక్కువ, అదంతా రెండుసార్లు జరుగుతుంది.

ఇంకోటి, ఎఫ్‌సింక్ ఎక్కువగా పిలిచే ప్రోగ్రాములు. "ఈ ఫైలు డిస్కుకు చేరేదాకా నేను కదలను" అని ప్రోగ్రాము అడిగే పిలుపు అది. జర్నల్ ఉంటే ఆ ఒక్క ఫైలు కోసం, అప్పుడు నడుస్తున్న కట్ట మొత్తానికి ముద్ర వేయాల్సి వస్తుంది. అదే కట్టలో పక్క ప్రోగ్రాము మార్పులు ఉంటే వాటి డేటా చేరేదాకా కూడా ఆగాలి. ఒక చిన్న ఫైలు సేవ్ చేయడానికి బ్రౌజరో ఎడిటరో రెండు సెకన్లు బిగుసుకుపోయిందంటే, వెనక పెద్ద కాపీ నడుస్తున్నప్పుడు కారణం తరచూ ఇదే. హార్డ్‌డిస్కుల్లో, చవక ఎస్‌డీ కార్డుల్లో ఇది బాగా తెలుస్తుంది. మంచి ఎన్‌వీఎంఈలో అంతగా తెలియదు.

బూట్ అవడం, ఆటలు, బ్రౌజింగ్, వీడియో చూడడం లాంటివాటిలో చదవడమే ఎక్కువ. చదవడానికి జర్నల్‌తో సంబంధం లేదు. ఆ వేగం కోసం దీని జోలికి రావద్దు.

నా మిషన్‌లో నెమ్మదికి జర్నలే కారణమని ఎలా తేల్చుకోవాలి?

ఊహతో మొదలుపెట్టకండి, కొలవండి. ముందు, డిస్కును ఎవరెంత వాడుతున్నారో చూపే "ఐయోటాప్ -ఓ" నడపండి, ఇక్కడ చిన్న ఓ. జేబీడీ2/ఎస్‌డీఏ2-8 లాంటి పేరు (జేబీడీ2 అంటే కెర్నల్‌లో జర్నల్ పని చూసే భాగం) పదేపదే పైకి వస్తుంటే జర్నల్ పనిలో ఉందని అర్థం. ఆ 8 జర్నల్ ఐనోడ్ సంఖ్య. ఆ పేరు కనబడినంత మాత్రాన తప్పు జర్నల్‌దేనని అనుకోకూడదు. ఎవరో ఎఫ్‌సింక్ పిలుస్తున్నారు, అది సేవ చేస్తోంది.

తర్వాత /ప్రాక్/ఎఫ్ఎస్/జేబీడీ2/ కింద మీ పార్టిషన్ పేరున్న డైరెక్టరీలో ఇన్ఫో అనే ఫైలు చదవండి. మొత్తం ఎన్ని కట్టలు, వాటిలో అడిగి వేయించుకున్నవి ఎన్ని, ఒక్కో కట్టలో సగటున ఎన్ని బ్లాకులు అన్నవి అందులో ఉంటాయి. అడిగి వేయించుకున్నవే చాలా భాగమైతే సమస్య ఎఫ్‌సింక్. అడగకుండా 5 సెకన్లకోసారి పడుతున్నవే ఎక్కువైతే, కట్టకు బ్లాకులు కూడా తక్కువైతే, జర్నల్ మీ వేగాన్ని తినడం లేదు.

ఎవరు పిలుస్తున్నారో పట్టుకోవాలంటే అనుమానం ఉన్న ప్రోగ్రాము మీద "ఎస్‌ట్రేస్ -ఎఫ్ -ఈ ట్రేస్=ఎఫ్‌సింక్,ఎఫ్‌డేటాసింక్ -పీ" అని, దాని ప్రాసెస్ నంబరు ఇవ్వండి. బీసీసీ టూల్స్ (కెర్నల్ పనిని గమనించే ప్రోగ్రాముల కట్ట) ఉంటే ఈఎక్స్‌టీ4స్లోయర్ ఇంకా తేలిక. ఆలస్యమైన ప్రతి రాతనూ ఫైలు పేరుతో సహా చూపిస్తుంది.

ముందూ తర్వాతా పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. లినక్స్ రాతలను ముందు ర్యామ్‌లో ఉంచుకుంటుంది, కాబట్టి "టైమ్" పెట్టి ఒట్టి టార్ విప్పితే మీరు కొలిచేది ర్యామ్ వేగం. చివర "సింక్" కూడా కలిపి కొలవండి. ప్రతి విడతకూ ముందు /ప్రాక్/సిస్/వీఎం/డ్రాప్_క్యాషెస్‌లో 3 రాయండి. కనీసం ఐదుసార్లు నడిపి మధ్య విలువ తీసుకోండి.

ఏ డిస్కుకు తీసేయొచ్చు, ఏ డిస్కుకు తీయకూడదు?

మా కొలబద్ద ఒక్కటే: ఈ పార్టిషన్‌ను ఇప్పుడే ఫార్మాట్ చేసినా మీకు నష్టం లేదంటే తీసేయండి. బిల్డ్ డైరెక్టరీ, క్యాష్, తాత్కాలిక లెక్కల స్థలం, మిషన్ ఆపితే ఎలాగూ పోయే క్లౌడ్ లోకల్ డిస్కులు, మరోచోట పూర్తి నకలున్న డేటా ఈ కోవలోకి వస్తాయి.

రూట్ పార్టిషన్, హోమ్, ఫొటోలు, ఆఫీసు కాగితాలు, ఒకే ఒక్క ప్రతి ఉన్న ఏదైనా రెండో కోవలోకి వస్తాయి. కన్సోల్ అందుబాటులో లేని వీపీఎస్ (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్) రూట్‌కు అసలే వద్దు. ఫైల్‌సిస్టమ్‌ను తనిఖీ చేసే ఎఫ్ఎస్‌సీకే మధ్యలో ఆగి ప్రశ్న అడిగితే జవాబిచ్చే దారి మీకు ఉండదు.

తీసేసే పద్ధతి వరసగా చెప్పండి.

ముందు బ్యాకప్. పార్టిషన్ పేరు రెండుసార్లు సరిచూసుకోండి. ఒక్క అక్షరం తేడాతో పక్క డిస్కు మీద పని జరిగిపోతుంది.

1. ఆ పార్టిషన్‌ను వాడుతున్న ప్రోగ్రాములను ఆపండి. ఎవరు వాడుతున్నారో "ఫ్యూజర్ -వీఎం" చెబుతుంది. చివరి ఆప్షన్ తర్వాత మౌంట్ పాయింట్ ఇవ్వాలి.
2. సుడో యూమౌంట్ /డెవ్/ఎస్‌డీబీ1
3. సుడో ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ /డెవ్/ఎస్‌డీబీ1. ఈఎక్స్‌టీ4కు ఎఫ్ఎస్‌సీకే ఇదే. పాత లోపాలను మోసుకుంటూ ముందుకు వెళ్లకుండా ఇది.
4. సుడో ట్యూన్2ఎఫ్ఎస్ -ఓ ^హ్యాజ్_జర్నల్ /డెవ్/ఎస్‌డీబీ1. ఇక్కడ ఓ పెద్ద అక్షరం. ముందున్న క్యారెట్ గుర్తుకు "తీసేయి" అని అర్థం. హ్యాజ్, జర్నల్ మధ్య అండర్‌స్కోర్.
5. మళ్లీ ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్.
6. "డంప్ఈ2ఎఫ్ఎస్ -హెచ్" నడిపి ఫీచర్ల వరసలో హ్యాజ్_జర్నల్ లేదని చూడండి. ఇక్కడ హెచ్ చిన్న అక్షరం.
7. ఏ పార్టిషన్ ఎలా మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలును సరిచేశాకే మౌంట్ చేయండి. ఏం సరిచేయాలో కింద ఉంది. మౌంట్ అయ్యాక "డీమెసేజ్"లో ఆ పార్టిషన్ పేరుతో, జర్నల్ లేకుండా మౌంట్ అయిందని అర్థమిచ్చే వాక్యం కనబడాలి.

కొత్త పార్టిషన్ అయితే ఇంత పని లేదు. ఎంకేఎఫ్ఎస్.ఈఎక్స్‌టీ4కు అదే పెద్ద ఓ ఆప్షన్, అదే ^హ్యాజ్_జర్నల్ ఇస్తే మొదటి నుంచీ జర్నల్ లేకుండానే తయారవుతుంది.

జర్నల్ పట్టిన స్థలం కూడా తిరిగి వస్తుంది. 128 జీబీ దాటిన ఫైల్‌సిస్టమ్‌కు ఇప్పటి ఎంకేఎఫ్ఎస్ 1 జీబీ జర్నల్ పెడుతుంది, చిన్నవాటికి తక్కువ.

"నీడ్స్_రికవరీ" ఫ్లాగ్ ఉందని ట్యూన్2ఎఫ్ఎస్ ఒప్పుకోవడం లేదు. -ఎఫ్ రెండుసార్లు ఇవ్వమంటున్నారు.

వద్దు. చిట్టాలో ఉండి ఇంకా ఆవర్జాకు ఎక్కని లెక్కలు ఉన్నాయని ఆ ఫ్లాగ్ చెబుతోంది. బలవంతంగా జర్నల్ తీస్తే ఆ లెక్కలు పూర్తిగా పోతాయి, నిర్మాణం చెడుతుంది. ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ నడిపితే అవి ఎక్కి ఫ్లాగ్ దానంతటదే పోతుంది. ఆ తర్వాత మామూలుగా తీసేయొచ్చు.

రాయగలిగే స్థితిలో మౌంట్ అయి ఉన్న పార్టిషన్‌కు కూడా ట్యూన్2ఎఫ్ఎస్ ఈ పని చేయదు. అది మంచికే.

రూట్ పార్టిషన్‌ను అన్‌మౌంట్ చేయలేను కదా?

చేయలేరు. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, అక్కడి నుంచి పై వరసే పాటించాలి. లైవ్ సిస్టమ్ మీ పార్టిషన్‌ను తనంతట తాను మౌంట్ చేసిందేమో ముందు చూసుకోండి. రీడ్-ఓన్లీగా మార్చి అక్కడికక్కడే చేయడానికి ట్యూన్2ఎఫ్ఎస్ ఒప్పుకుంటుంది గానీ, నడుస్తున్న కెర్నల్ దగ్గర పాత సమాచారం ఉండిపోతుంది, వెంటనే రీబూట్ చేయాలి. లైవ్ యూఎస్‌బీయే మేలు. రూట్‌కు ఇది వద్దనే మా మాట మాత్రం మారదు.

జర్నల్ తీశాక మౌంట్ కావడం లేదు, ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లిపోయింది. ఎందుకు?

దాదాపు ప్రతిసారీ కారణం /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్. జర్నల్‌కు సంబంధించిన ఆప్షన్లు అందులో మిగిలిపోయి ఉంటాయి. డేటా=ఆర్డర్డ్, డేటా=రైట్‌బ్యాక్, కమిట్=60, జర్నల్_చెక్‌సమ్, జర్నల్_అసింక్_కమిట్ లాంటివి. జర్నలే లేని ఫైల్‌సిస్టమ్‌కు వీటిని ఇస్తే కెర్నల్ పట్టించుకోకుండా వదిలేయదు, మౌంట్ చేయనని తిరగ్గొడుతుంది. అది రూటో, నోఫెయిల్ (మౌంట్ కాకపోయినా బూట్ ఆపొద్దనే ఆప్షన్) లేని మరో పార్టిషనో అయితే బూట్ అక్కడే ఆగుతుంది.

ఎమర్జెన్సీ ప్రాంప్ట్‌లో రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి, అవసరమైతే "మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /" అని, ఇక్కడ చిన్న ఓ, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ ఆప్షన్లను తీసేసి రీబూట్ చేయండి. రూట్ పార్టిషన్‌కు అయితే గ్రబ్ బూట్‌లోడర్‌లో రూట్‌ఫ్లాగ్స్= అని ఇచ్చినవీ చూడాలి. ట్యూన్2ఎఫ్ఎస్‌తో సూపర్‌బ్లాకులోనే (ఫైల్‌సిస్టమ్ సొంత వివరాలు ఉండే బ్లాకులోనే) రైట్‌బ్యాక్ రాసి ఉంచారేమో, "ట్యూన్2ఎఫ్ఎస్ -ఎల్" చూపించే డీఫాల్ట్ మౌంట్ ఆప్షన్లలో చూడండి.

అదే లైనులో చివరి అంకె కూడా చూడండి. అది 0 అయితే బూట్‌లో ఎఫ్ఎస్‌సీకే జరగదు. జర్నల్ లేని పార్టిషన్‌కు అక్కడ 2 ఉండి తీరాలి. రూట్‌కు 1.

కరెంటు పోతే సరిగ్గా ఏం జరుగుతుంది?

జర్నల్ లేని ఈఎక్స్‌టీ4ను రాయడానికి మౌంట్ చేయగానే కెర్నల్ సూపర్‌బ్లాకులో "శుభ్రంగా ఉంది" అన్న గుర్తు తీసేస్తుంది, అన్‌మౌంట్ చేసినప్పుడు మళ్లీ పెడుతుంది. మధ్యలో ఆగిపోతే గుర్తు ఉండదు. తర్వాతి బూట్‌లో ఈ2ఎఫ్ఎస్‌సీకే అది చూసి ఫైల్‌సిస్టమ్ మొత్తాన్ని తనిఖీ చేస్తుంది. ఎంతసేపు పడుతుందన్నది డిస్కు సైజు కన్నా అందులోని ఫైళ్ల సంఖ్య మీద ఎక్కువగా ఆధారపడుతుంది. లక్షల చిన్న ఫైళ్లున్న హార్డ్‌డిస్కుకు ఓపికగా కూర్చోవాల్సిందే.

చిన్న లోపాలను అది తనే సరిచేస్తుంది. పెద్దవి కనిపిస్తే మనల్ని నడపమని చెప్పి ఆగిపోతుంది. అప్పుడు చేత్తో "ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్" నడిపి ఒక్కో ప్రశ్నకు జవాబివ్వాలి. "-వై" ఇస్తే అన్నిటికీ సరేనంటుంది, నకలు ఉన్న డేటాకు అది చాలు. మనిషి దగ్గర లేని సర్వర్లకు ఎఫ్ఎస్‌సీకే.రిపేర్=యెస్ అని కెర్నల్ లైనులో ఇస్తే సిస్టమ్‌డీ ఆ పనే చేస్తుంది. పేరు ఊడిపోయిన ఫైళ్లు లాస్ట్+ఫౌండ్ డైరెక్టరీలో ఐనోడ్ నంబర్లతో తేలతాయి. వేల అంకెల మధ్య మీ ఫైలు ఏదో "ఫైల్" కమాండుతో ఒక్కొక్కటీ చూసి వెతుక్కోవాలి.

అసలు ప్రమాదం ఎఫ్ఎస్‌సీకే జరగకపోవడంలో ఉంది. శుభ్రంగా లేని ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేయమంటే కెర్నల్ ఒక హెచ్చరిక రాసి, మౌంట్ చేసేస్తుంది. వాడుకలో ఉన్న బ్లాకును బిట్‌మ్యాప్ ఖాళీ అని చెబుతున్న స్థితిలో మీరు కొత్త ఫైలు రాస్తే, ఆ బ్లాకే దానికి కేటాయించబడి పాత ఫైలు మీద రాత పడుతుంది. ఒకే బ్లాకు రెండు ఫైళ్లది అవుతుంది. రోజులు గడిచేకొద్దీ నష్టం పెరుగుతుంది, బయటికి ఏమీ తెలియదు. డెస్క్‌టాప్‌లో గుచ్చగానే మౌంట్ అయ్యే యూఎస్‌బీ డిస్కులకు ఎఫ్ఎస్‌సీకే ఎవరూ నడపరు. కాబట్టి బయటి డిస్కులకు జర్నల్ తీసేయడం, చాలామంది అనుకున్నంత నిరపాయమైన పని కాదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, యూపీఎస్ ఉంది. ఇంకా భయమెందుకు?

యూపీఎస్ మంచిదే. ఇన్వర్టర్ అయితే అది యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో మారే ఆ క్షణంలో డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయిపోవచ్చు. బ్యాటరీ పాతబడి రెండు నిమిషాల్లో పడిపోయేదైతే అది ఉన్నా లేనట్టే. నట్ లాంటి ప్రోగ్రాము యూపీఎస్‌తో మాట్లాడి, బ్యాటరీ అయిపోకముందే మిషన్‌ను సరిగా ఆపేలా పెట్టుకోవాలి.

ఇవన్నీ ఉన్నా కెర్నల్ ప్యానిక్, బిగుసుకుపోయి పవర్ బటన్ నొక్కిపట్టాల్సి రావడం, వదులైన డిస్కు కేబుల్, ఇవేవీ యూపీఎస్ ఆపలేదు.

జర్నల్ ఉన్నప్పటికన్నా ఎక్కువ డేటా పోతుందా?

పోవచ్చు. జర్నల్ 5 సెకన్లకోసారి ముద్ర వేస్తుంది కాబట్టి మెటాడేటా మార్పులు ఆ మాత్రం వ్యవధిలో భద్రమవుతాయి. జర్నల్ లేకపోతే, ర్యామ్‌లోని రాతలను కెర్నల్ మామూలుగా డిస్కుకు పంపే లెక్కే: మారిన పేజీ దాదాపు 30 సెకన్ల దాకా ర్యామ్‌లో ఉండొచ్చు, వీఎం.డర్టీ_ఎక్స్‌పైర్_సెంటీసెక్స్ డీఫాల్ట్ 3000 కదా. ఎఫ్‌సింక్ మాత్రం జర్నల్ లేకపోయినా పనిచేస్తుంది, అడిగిన ఫైలును డిస్కుకు చేరుస్తుంది.

ఎస్ఎస్‌డీ, రాస్ప్‌బెర్రీ పై ఎస్‌డీ కార్డు అరిగిపోకుండా తీసేయమంటారు కదా?

ఇప్పటి ఎస్ఎస్‌డీలకు ఈ చింత అక్కర్లేదు. జర్నల్ చేర్చే అదనపు రాత దాని ఆయుష్షు ముందు చిన్నది. మీ పార్టిషన్ ఇప్పటిదాకా ఎంత రాసిందో "ట్యూన్2ఎఫ్ఎస్ -ఎల్" లైఫ్‌టైమ్ రైట్స్ వరసలో చూపిస్తుంది. దాన్ని డిస్కు తయారీదారు చెప్పిన టీబీడబ్ల్యూ (మొత్తం ఎన్ని టెరాబైట్లు రాయొచ్చన్న) అంకెతో పోల్చండి, మనసు కుదుటపడుతుంది.

ఎస్‌డీ కార్డు సంగతి వేరు, అది నిజంగానే అరుగుతుంది. కానీ రాస్ప్‌బెర్రీ పైకి చాలా ఇళ్లలో స్విచ్ తీసేయడమే షట్‌డౌన్. జర్నల్ అత్యవసరమైన మిషన్ అదే. అక్కడ నోఎటైమ్ పెట్టండి, కమిట్=60 పెట్టండి, /టీఎంపీని ర్యామ్‌లోనే ఉండే టీఎంపీఎఫ్ఎస్‌కు మార్చండి, లాగ్‌లను ర్యామ్‌లో ఉంచండి. రాత తగ్గుతుంది, జర్నల్ కూడా ఉంటుంది.

డేటాబేస్‌కు సొంత లాగ్ ఉంది. కింద ఫైల్‌సిస్టమ్ జర్నల్ ఎందుకు?

మంచి ప్రశ్న. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, మార్పులను ముందుగా రాసుకునే తన లాగ్ డబ్ల్యూఏఎల్‌తో డేటా ఫైళ్ల లోపలి విషయాన్ని తిరిగి కట్టుకోగలదు. తన ఫైళ్ల భద్రతకు జర్నలింగ్ ఫైల్‌సిస్టమ్ తప్పనిసరి కాదనీ, క్రాష్ తర్వాత త్వరగా లేవడానికి మాత్రం అది ఉపయోగమనీ దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. అంత మాత్రాన తీసేయమని మేం అనం. డబ్ల్యూఏఎల్ పోయిన ఐనోడ్‌ను తీసుకురాలేదు, ఎఫ్ఎస్‌సీకే గంటసేపు నడిస్తే ఆ గంటా సర్వీసు మూతే. రెప్లికా (నకలు సర్వర్) సిద్ధంగా ఉండి, పడిన సర్వర్‌ను మళ్లీ మొదటి నుంచి కట్టే ఏర్పాటు ఉంటే ఆలోచించవచ్చు. లేకపోతే డేటాబేస్ పార్టిషన్‌కు రైట్‌బ్యాక్ చాలు.

తీసేయకుండా వేగం తెచ్చే దారులు ఏమున్నాయి?

చాలా ఉన్నాయి, ఎక్కువమందికి వీటితోనే పని అయిపోతుంది.

నోఎటైమ్ మొదటిది. ఫైలు చదివిన ప్రతిసారీ సమయం రాయడాన్ని ఇది ఆపేస్తుంది. ఆ సమయాన్ని అప్పుడప్పుడే రాసే రెలటైమ్ డీఫాల్ట్ అయ్యాక ఆ రాత ఇప్పటికే తగ్గింది, అయినా చిన్న ఫైళ్లు కోకొల్లలుగా ఉన్నచోట కొంత మిగులుతుంది. దాంతోపాటు, సమయం మార్పులను ర్యామ్‌లో ఉంచి తీరిగ్గా రాసే లేజీటైమ్ పెట్టొచ్చు.

కమిట్=30 అనో 60 అనో పెడితే ముద్రలు తగ్గుతాయి. ఎఫ్‌సింక్ చేయని మార్పులు అన్ని సెకన్లవి పోవచ్చని ఒప్పుకున్నట్టే.

డేటా=రైట్‌బ్యాక్ గురించి పైన చెప్పాం. దీన్ని రీమౌంట్‌తో మార్చలేరు, పూర్తిగా అన్‌మౌంట్ చేసి మౌంట్ చేయాలి. రూట్‌కు గ్రబ్‌లో రూట్‌ఫ్లాగ్స్=డేటా=రైట్‌బ్యాక్ ఇవ్వాలి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఒక్కదాంట్లోనే రాస్తే, ఆర్డర్డ్‌గా మౌంట్ అయిన రూట్‌ను రీమౌంట్ చేయబోయి విఫలమవుతుంది. నలుగురు వాడే సర్వర్‌లో ఇది పెట్టకండి. క్రాష్ తర్వాత ఒకరి చెరిపేసిన డేటా మరొకరి ఫైలులో కనబడే అవకాశం ఉంది. జర్నల్ పూర్తిగా తీసేసినా ఇదే ముప్పు.

ఫాస్ట్ కమిట్ లినక్స్ 5.10తో వచ్చింది. ఎఫ్‌సింక్ పిలిచినప్పుడు కట్ట మొత్తం కాకుండా అవసరమైన చిన్న మార్పునే రాస్తుంది. ట్యూన్2ఎఫ్ఎస్ ఉండే ప్యాకేజీ ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ 1.46 లేదా తర్వాతిది ఉంటే ట్యూన్2ఎఫ్ఎస్‌కు పెద్ద ఓతో ఫాస్ట్_కమిట్ ఇస్తే చాలు. ఎఫ్‌సింక్ బాధ ఉన్నవారు జర్నల్ తీసే ముందు దీన్ని పరీక్షించి చూడాలి.

బయటి జర్నల్: డేటా హార్డ్‌డిస్కు మీద, జర్నల్ ఎస్ఎస్‌డీ మీద. ఎస్ఎస్‌డీలో చిన్న పార్టిషన్ తీసి ఎంకేఈ2ఎఫ్ఎస్‌తో, పెద్ద ఓ ఇచ్చి, జర్నల్_డెవ్‌గా ఫార్మాట్ చేయాలి. బ్లాకు సైజు రెండుచోట్లా ఒకటే ఉండాలి, అందుకే -బీ 4096 కూడా ఇవ్వండి. డేటా పార్టిషన్ లోపలి జర్నల్ తీసేసి, ట్యూన్2ఎఫ్ఎస్‌కు పెద్ద జే ఆప్షన్‌తో డివైస్= అని ఆ పార్టిషన్ చూపించాలి. హార్డ్‌డిస్కు తల అటూ ఇటూ పరుగెత్తడం తగ్గుతుంది. ఆ ఎస్ఎస్‌డీ పోతే డేటా పార్టిషన్ మామూలుగా మౌంట్ కాదని గుర్తుంచుకోండి.

బిల్డ్‌ల కోసమే అయితే టీఎంపీఎఫ్ఎస్ అన్నిటికన్నా వేగం. 16 జీబీ ర్యామ్ ఉంటే 6 జీబీ దానికి ఇవ్వొచ్చు. పారేసే కంటైనర్లలో ప్యాకేజీలు వేయడం నెమ్మదిగా ఉంటే ఈట్‌మైడేటా అనే చిన్న ప్యాకేజీ ఉంది. ఏప్ట్ ముందు దాని పేరు పెడితే ఆ ఒక్క కమాండుకు ఎఫ్‌సింక్‌లు ఆగుతాయి. ఏప్ట్ వెనక పనిచేసే డీపీకేజీ ఎఫ్‌సింక్‌లు చాలా పిలుస్తుంది కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది.

బ్యారియర్=0 పెడితే సరిపోదా?

బ్యాటరీ ఉన్న రెయిడ్ కార్డు లేకపోతే పెట్టకండి. డిస్కు తన లోపలి క్యాష్‌ను ఖాళీ చేశానని చెప్పేదాకా ఆగే ఏర్పాటును ఇది తీసేస్తుంది. ముద్ర ముందు పడి కట్ట తర్వాత చేరితే, తేరుకునేటప్పుడు చెత్తను అసలు చోట్లలో రాసినట్టవుతుంది. జర్నల్ ఉందన్న ధైర్యంతో ఎఫ్ఎస్‌సీకే కూడా నడపరు. మా దృష్టిలో జర్నల్ లేకపోవడం కన్నా ఇది ఎక్కువ ప్రమాదకరం.

ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్‌లలో ఎలా తీయాలి?

తీయలేరు. ఎక్స్ఎఫ్ఎస్‌లో లాగ్ తప్పనిసరి, కావాలంటే వేరే డిస్కు మీద పెట్టుకోవచ్చు. బీటీఆర్ఎఫ్ఎస్ కాపీ-ఆన్-రైట్ (పాతదాని మీద కాకుండా కొత్త చోట రాసే పద్ధతి) కాబట్టి ఈ అర్థంలో జర్నల్ లేదు. ఈఎక్స్‌టీ3లో తీస్తే మిగిలేది ఈఎక్స్‌టీ2.

మనసు మారింది. తిరిగి పెట్టొచ్చా?

ఎప్పుడైనా పెట్టొచ్చు, డేటా పోదు. అన్‌మౌంట్ చేసి, ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ నడిపి, ట్యూన్2ఎఫ్ఎస్ -జే అనండి, ఇక్కడ జే చిన్నది. సైజు మీరే చెప్పాలంటే పెద్ద జేతో సైజ్=256 ఇవ్వండి, అది ఎంబీల్లో. ఆ మేరకు ఖాళీ స్థలం ఉండాలి. మౌంట్ అయి ఉండగా పెట్టినా ఒప్పుకుంటుంది గానీ, అప్పుడు జర్నల్ .జర్నల్ అనే ఫైలుగా పైకి కనబడుతుంది. అన్‌మౌంట్ చేసి పెట్టడమే శుభ్రం. మీరు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో తీసేసిన కమిట్, డేటా ఆప్షన్లను కావాలంటే ఇప్పుడు తిరిగి చేర్చుకోండి.

అసలు డిస్కు మీద చేసే ముందు ఒకసారి సాధన చేసి చూడాలంటే?

ఒక ఫైలునే డిస్కులా వాడండి. "ట్రంకేట్ -ఎస్ 2జీ పరీక్ష.ఐఎంజీ" అంటే 2 జీబీ ఖాళీ ఫైలు వస్తుంది. పేరు మీ ఇష్టం. ట్రంకేట్‌కు ఎస్ చిన్నది, జీ పెద్దది. దాని మీద ఎంకేఎఫ్ఎస్.ఈఎక్స్‌టీ4 నడిపి, "మౌంట్ -ఓ లూప్"తో మౌంట్ చేయండి. అన్‌మౌంట్, తనిఖీ, జర్నల్ తీయడం, తిరిగి పెట్టడం, కావాలనే డేటా=ఆర్డర్డ్ ఇచ్చి మౌంట్ తిరగ్గొట్టించుకోవడం, అన్నీ దాని మీదే చేసి చూడొచ్చు. వేగం మాత్రం దీని మీద కొలవకండి. కింద ఉన్న అసలు ఫైల్‌సిస్టమ్ జర్నల్ కూడా లెక్కలో కలిసిపోతుంది.